బండి కబుర్లు: పాత స్కూటర్ కదిలేటప్పుడు వణుకుతోంది

ప్రశ్న: ఆరేళ్ల పాత 150 సీసీ స్కూటర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రోజూ ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వెళ్లొస్తాను. ఆగి కదిలేటప్పుడు బండంతా వణుకుతోంది, స్పీడందుకున్నాక మామూలే. మెకానిక్ ఇంజిన్ విప్పాలంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: తమ్ముడూ, ఇంజిన్ జోలికి అప్పుడే వెళ్లనివ్వకు. కదిలేటప్పుడు మాత్రమే వణుకుతోందంటే ముందు అనుమానించాల్సింది క్లచ్‌నే. ఎడమవైపు కవర్ నీ ఎదురుగానే విప్పించు, లోపల బెల్టు అరిగిన నల్లటి పొడి పేరుకుని ఉంటుంది, అది శుభ్రం చేయించి క్లచ్ షూలు (డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని తిప్పే ముక్కలు) అద్దంలా మెరుస్తున్నాయేమో చూడు, మెరుస్తుంటే ఉప్పుకాగితంతో రుద్దిస్తే చాలాసార్లు వణుకు తగ్గిపోతుంది. బెల్టును వెనక్కి వంచి పళ్ల మధ్య పగుళ్లున్నాయేమో చూడు, ఉంటే ఆలోచించకుండా మార్చెయ్. బెల్టు తిరిగే ముందు పుల్లీలో ఉండే గుండ్రటి రోలర్లు ఒకవైపు చదునుగా అరిగితే అవీ మార్చాల్సిందే. బెల్టుకు నూనె, గ్రీజు మాత్రం తగలనివ్వకు.

వెనక గేర్ ఆయిల్ వేరేగా ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ మార్చి దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. టైరు పక్కన నాలుగంకెలు చూడు, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. అంత పాతదైతే గాట్లు బాగానే కనిపించినా నమ్మొద్దు, వానలో జారుతుంది. కళింగపట్నం బీచ్‌కి వెళ్లొస్తే ఆ ఉప్పుగాలికి సైలెన్సర్ తుప్పు పడుతుంది, మంచినీళ్లతో కడుగు.

ఆర్సీ నీ పేరుకి మారిందా? ఫారం 29, 30 మీద పాత ఓనరు సంతకాలు ఇప్పుడే తీసుకో, ఇన్సూరెన్స్ కూడా మార్పించుకో.