సర్టిఫికేషన్ పరీక్ష పోయిందని పని మానేస్తానన్న తమ్ముడికి

తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. రెండోసారి కూడా కొద్ది మార్కుల్లో పోయిందని, ఇక ఆ ఫోన్ సిస్టంల కంపెనీ ట్రైనింగ్ గడప తొక్కనని, అవసరమైతే ఆఫీసు ఫోన్ సిస్టంలు బిగించే ఈ లైనే వదిలేస్తానని రాశావు. ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నీ కోపం న్యాయమైనదే. లైన్లన్నీ వచ్చి కలిసే ఎండీఎఫ్ నుంచి ఆఖరి గదిలో గోడ మీది రోజెట్ దాకా ఏ పెయిర్ (తీగల జత) ఎటు పోయిందో వెతికి పట్టుకోగలవు. లైన్ డెడ్ అంటే మీటర్ పెట్టి, ఫోన్ దించి ఉన్నప్పుడు 48 వోల్టులు ఉందా, ఎత్తితే పడిపోతోందా అని చూసి, తప్పు కార్డుదా కేబుల్‌దా నిమిషంలో చెప్తావు. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి ఏ లైసెన్సుకి ఏ ఆర్డర్ కోడ్, పాత ఎడిషన్ కస్టమర్‌కి ఏ ప్యాకేజీ అమ్మాలి అని అడిగితే ఒళ్ళు మండకుండా ఎలా ఉంటుంది? ట్రైనింగ్ అన్ని రోజులూ స్లైడ్లు తిప్పి, సిస్టం మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదంటే అది నేర్పడం కాదు. మా రోజుల్లోనూ ఇంతే. సేల్స్ వాళ్ళకీ ఇన్‌స్టాలర్లకీ ఒకే హాల్లో ఒకే పాఠం చెప్పేవాళ్ళు.

అయితే ఈ పరీక్ష ఎవరి కోసం పెట్టారో ముందు అర్థం చేసుకోవాలి. డీలర్ దగ్గర తమ కొత్త మోడళ్ళు, లైసెన్సులు తెలిసిన మనిషి ఉన్నాడా అన్నది కంపెనీకి కావాలి. మీ ఓనర్‌కి కావలసింది పార్ట్‌నర్ స్థాయి. ఇంతమంది సర్టిఫైడ్ ఇంజనీర్లు ఉంటేనే ఆ స్థాయి ఇస్తారు. స్థాయిని బట్టే డిస్కౌంట్, కంపెనీ టెక్నికల్ సపోర్టులో కేసు తెరిచే హక్కు. టెండర్లలో కూడా సర్టిఫికేట్ కాపీ జతచెయ్యమంటారు. అంటే ఆ కాగితంతో ముందు లాభపడేది వాళ్ళే. నువ్వు పని చెయ్యగలవా లేదా అని ఆ స్కోరు చెప్పదు. దాన్ని పట్టుకుని నిద్ర పాడుచేసుకోకు.

కాబట్టి ఖర్చు సంగతి ఓనర్‌తో తేల్చుకో. పరీక్ష ఫీజు, తప్పితే రెండోసారి ఫీజు, చదువుకునే రోజులు డ్యూటీ కింద లెక్క - ఈ మూడూ అడుగు. మొహమాటపడకు. సిస్కో కంపెనీ మొదటి మెట్టు నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏ లాంటి దానికే 300 డాలర్లు, దాని మీద పన్ను. మన డబ్బులో 25 వేలు దాటుతుంది. ఇన్‌స్టాలర్ జీతంలోంచి రెండుసార్లు కట్టే మొత్తం కాదది. ఫీజు కట్టి బాండ్ రాయమంటే ఎన్ని నెలలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టు.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోరు. సిస్కో లాంటి చోట్ల పరీక్ష అకౌంట్ నీ సొంత మెయిల్‌తో తెరువు, ఆఫీసు మెయిల్‌తో కాదు. ఉద్యోగం మారిన రోజు ఆఫీసు మెయిల్ మూసేస్తారు, సర్టిఫికేట్ వివరాల కోసం తిరగాల్సింది నువ్వే. డీలర్ల ద్వారా మాత్రమే రానిచ్చే పోర్టల్ అయితే సర్టిఫికేట్ పీడీఎఫ్ వచ్చిన రోజే దించి దాచుకో. పేరు కూడా చూసుకో. రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు, నువ్వు చూపించే గుర్తింపు కార్డు మీది పేరు ఒకేలా ఉండాలి. మన కార్డుల్లో ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం ఉంటుంది. ఆ తేడాతో పరీక్ష సెంటర్ గుమ్మం దగ్గర ఆగిపోతే ఫీజు కూడా పోవచ్చు.

ఇప్పుడు చదవడం గురించి. నువ్వు తప్పింది తెలియక కాదనుకుంటున్నాను. సైట్లో ఏం చేస్తావో అదే రాసి ఉంటావు. పరీక్షకి కావలసింది మాన్యువల్ చెప్పిన జవాబు. ఒక ఉదాహరణ చెప్తాను. హైదరాబాద్ ఆఫీసు నుంచి ముంబై నంబర్‌కి కాల్ వెళ్ళాలి. కాల్‌ని కంపెనీ సొంత నెట్‌వర్క్ మీద ముంబై బ్రాంచి దాకా తీసుకెళ్ళి, అక్కడి ట్రంక్ (బయటి లైన్) నుంచి లోకల్ కాల్‌గా బయటికి పంపితే ఖర్చు తగ్గుతుందని అంతర్జాతీయ పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని టెయిల్ ఎండ్ హాప్ ఆఫ్ అంటారు. పరీక్షలో అది సరైన జవాబు. మన దేశంలో అలా పెడితే టోల్ బైపాస్ (ఎస్టీడీ చార్జీ తప్పించుకోవడం) కింద టెలికాం నిబంధనలు ఉల్లంఘించినట్టు. అందుకే సిస్కో సిస్టంలో అలాంటి కాల్స్ ఆపడానికి లాజికల్ పార్టిషనింగ్ అని ఒక ఏర్పాటే ఉంది. పరీక్ష హాల్లో పుస్తకం జవాబు పెట్టు, సైట్లో చట్టం ప్రకారం కాన్ఫిగర్ చెయ్యి. రెండూ తెలిసినవాడే నిజంగా పని తెలిసినవాడు.

ముందు ఎగ్జామ్ టాపిక్స్ కాగితం ప్రింట్ తీసుకో. ఏ సాఫ్ట్‌వేర్ రిలీజ్ మీద ప్రశ్నలు వస్తాయో అందులోనే ఉంటుంది. మీ సైట్లలో నడుస్తున్నది పాత రిలీజ్ అయితే నీకు నోటికొచ్చిన మెనూలు అక్కడ పనికిరావు. కెపాసిటీ టేబుళ్ళు, లైసెన్సు టేబుళ్ళు ఎంత విసుగ్గా ఉన్నా చేత్తో ఒకసారి రాసుకో. విసుగు పుట్టించే ఆ పేజీల్లోనే తేలికగా వచ్చే మార్కులుంటాయి.

ఇంగ్లీషు గురించి నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు. తెలుగు మీడియంలో చదివి ఐటీఐ చేసిన మన పిల్లలు ఇక్కడే ఎక్కువ దెబ్బ తింటారు. ప్రశ్నలో "కానిది ఏది" అని అడిగితే కంగారులో "అయినది" పెట్టేస్తారు. "అన్నిటికన్నా మంచి పద్ధతి" అని అడిగినప్పుడు నాలుగింట్లో రెండు పనిచేసేవే ఉంటాయి. మాన్యువల్ దేన్ని ముందు చెప్పిందో అది పెట్టాలి. ప్రతి ప్రశ్ననీ మనసులో తెలుగులోకి తిప్పుకుని, ఏం అడుగుతున్నాడో ఒక్క ముక్కలో చెప్పుకున్నాకే ఆప్షన్లు చూడు. సిస్కో పరీక్షల్లో ఒక ప్రశ్న దాటాక వెనక్కి రానివ్వరు, కాబట్టి ఈ అలవాటు ఇంటి దగ్గరే పడాలి. ఇది తెలివితక్కువతనం కాదు, తమ్ముడూ. ఇంగ్లీషు మీడియం వాడికి లేని పని నీకు ఒకటి ఎక్కువుంది, అంతే.

డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) జోలికి వెళ్ళకు. నీ స్నేహితుడు వాటితో పాసయ్యాడని రాశావు. పట్టుబడితే సర్టిఫికేట్ రద్దు చేస్తారు, మళ్ళీ పరీక్షకి రానివ్వకపోవచ్చు కూడా. అది ఒకటి. నాకు అంతకన్నా బాధ కలిగించేది వేరే. అర్ధరాత్రి ఆసుపత్రిలో కాజువాలిటీ ఫోన్ మోగకపోతే, సర్టిఫైడ్ అని నమ్మి పిలిచేది అతన్నే. అక్కడ ఏ ఆప్షన్లూ ఉండవు.

ట్రైనింగ్‌లో నేర్పనిది నువ్వే నేర్చుకోవాలి, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. పాత ల్యాప్‌టాప్ మీద ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ వేసుకో, ఉచితమే. రెండు ఐపీ ఫోన్లు, ఒక పాత వైఫై రూటర్ చాలు. ఒక ఫోన్‌ని రూటర్ వెనక పెట్టు. రూటర్ లోపలి అడ్రసులు 192.168.50 తో మొదలయ్యేలా మార్చు, అందులో సిప్ (ఐపీ ఫోన్లు కాల్ కలుపుకునే పద్ధతి) మెసేజ్‌లలో అడ్రసులు మార్చే సిప్ ఏఎల్‌జీ ఆపెయ్యి. ఆస్టరిస్క్‌లో ఆ ఎక్స్‌టెన్షన్‌కి ఆర్‌టీపీ సిమెట్రిక్ (గొంతు వచ్చిన అడ్రస్‌కే తిరిగి పంపడం), డైరెక్ట్ మీడియా (ఫోన్లు నేరుగా ఒకదానికొకటి గొంతు పంపుకోవడం) రెండూ ఆపి ఆ ఫోన్ నుంచి కాల్ చెయ్యి. రూటర్ వెనక ఫోన్లో మాట్లాడితే అవతలికి వినిపిస్తుంది, అవతలి మాట ఇటు రాదు. సైట్లో కస్టమర్ "సార్, ఒకవైపే వినిపిస్తోంది" అనేది ఇదే. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ (నెట్‌వర్క్ మీద పోయే ప్యాకెట్లు చూపించే ప్రోగ్రాం) తెరిచి, ఆ ఫోన్ పంపిన ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) మీద నొక్కు. కింద ఎస్‌డీపీ (గొంతు ఎక్కడికి పంపాలో చెప్పే) భాగంలో "సి" అక్షరంతో మొదలయ్యే లైన్ ఉంటుంది. అక్కడ 192.168.50 కనిపిస్తుంది. నాకు రావాల్సిన గొంతు ఈ అడ్రస్‌కి పంపు అని ఫోన్ చెప్తోంది, ఆ అడ్రస్ రూటర్ బయట ఎవరికీ అందదు. ఆ లైన్ నీ కళ్ళతో ఒక్కసారి చూస్తే నాట్ (రూటర్ అడ్రసులు మార్చే పద్ధతి) ప్రశ్నలు ఎన్ని రకాలుగా అడిగినా తడబడవు.

నీ సొంత డబ్బు, సొంత సాయంత్రాలు మాత్రం ఇలాంటి వాటి మీదే పెట్టు: సిప్, ఐపీ అడ్రసింగ్, వీలాన్ (ఒకే స్విచ్‌ని విడి నెట్‌వర్కులుగా చెయ్యడం), క్యూఓఎస్ (గొంతుకి ముందు దారివ్వడం), ఎర్తింగ్. ఎందుకంటే బ్రాండ్లు నిలవవు. నార్టెల్ సర్టిఫికేట్ ఉందంటే ఒకప్పుడు ఎంత గొప్పో! 2009 జనవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, ఎంటర్‌ప్రైజ్ ఫోన్ల వ్యాపారం అవాయా కొనుక్కుంది. ఆ అవాయా కూడా 2017లో ఒకసారి, 2023లో మరోసారి దివాలా రక్షణ కోరింది. మన ఊళ్ళలో హోటళ్ళ నిండా కనిపించే పానాసోనిక్ కూడా ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీలైన పీబీఎక్స్‌ల నుంచి తప్పుకుంది. సిస్కో అయితే 2020 ఫిబ్రవరిలో విడివిడి సీసీఎన్ఏలను దాదాపు అన్నిటినీ కలిపి ఒక్కటే చేసింది, వాయిస్ వాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న మెట్టు పోయింది. నిలిచి ఉన్న సర్టిఫికేట్ కూడా మూడేళ్ళే. ఎన్నో బోర్డులు మారినా గొంతుని డిజిటల్‌గా మార్చే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కి హెడర్లు కాక 64 కేబీపీఎస్ కావాలన్నది, మన దేశంలో వాడే పీఆర్ఐ (డిజిటల్ బయటి లైన్)లో 30 మాటల ఛానళ్ళన్నది ఎవరూ మార్చలేదు.

ఈ లైన్ వదిలేస్తానన్న మాట మాత్రం పరీక్ష పోయిన కోపంలో తేల్చకు. వదలాలంటే జీతం చూసి వదులు, ఇంకా మంచి పని దొరికి వదులు. అప్పుడు నేనే వెన్నుతట్టి పంపుతాను.

ఓనర్‌తో ఫీజు విషయం మాట్లాడాక ఏమన్నారో రాయి. నా దగ్గర రెండు ఐపీ ఫోన్లు, ఒక చిన్న స్విచ్ ఖాళీగా ఉన్నాయి, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. స్విచ్‌లో పీఓఈ (కేబుల్ మీదే ఫోన్‌కి కరెంటు) లేదు, అడాప్టర్ ఒకటే పనిచేస్తోంది, రెండోది నువ్వు కొనుక్కోవాలి.

ఆశీస్సులతో,
అన్నయ్య