కూల్చిన ఇళ్ల కలపతో బయోచార్: మడిలో వేసేముందు ఏం చూడాలి?

పాత ఇల్లు కూల్చినచోట తలుపులు, కిటికీలు, దూలాల ముక్కలు ఊరికే దొరుకుతున్నాయి, వాటితో బయోచార్ (మట్టిలో కలపడానికి గాలి తక్కువగా తగిలేలా కాల్చి చేసే బొగ్గు) చేసి కూరమళ్లలో వేయొచ్చా, ఇంట్లోనే పరీక్షించుకోవచ్చా అని అడిగారు. రంగు, మందు తగలని దూలాలైతే వేయొచ్చు. రంగు వేసిన తలుపులు మాత్రం వద్దండీ.

నేను వడ్రంగి షెడ్లలో మిగిలే ముక్కలతో చేస్తుంటాను. అసలు పనంతా ఏరడంలోనే ఉంది. పాత తలుపును చాకుతో గీకి చూడండి. పైన ఎనామిల్, దాని కింద ఇంకో రంగు, అడుగున ఎర్రటి ప్రైమర్ కనిపిస్తాయి. సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఆ పాత పొరల్లోనే. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. సీసం కాలి మాయమయ్యేది కాదు. వంద కిలోల కలపకు పాతిక ముప్పై కిలోల బొగ్గు వస్తుంది, లోహం చాలావరకు అందులోనే చిక్కబడుతుంది. కోసిన చివర ఆకుపచ్చ ఛాయ ఉంటే అది రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన చెదల మందు కావచ్చు. అలాంటిది కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలోనూ వస్తుంది. ప్లైవుడ్, తారు వాసన కొట్టే రైలు స్లీపర్లు కూడా పక్కన పెట్టేయండి.

ఏరి చేసిన బొగ్గుకు ఇంట్లో రెండు పరీక్షలు చాలు. మొదటిది ముల్లంగి గింజలతో: ఒక ట్రేలో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో మీరు వేయబోయే మోతాదులో బొగ్గు కలిపిన మట్టి. మొలకలు తగ్గితే బొగ్గును బాగా కడిగి మళ్లీ వేయండి. బూడిదలోని ఉప్పుల వల్లైతే ఈసారి సరిగా వస్తాయి. అప్పటికీ రాకపోతే ఆ బొగ్గు వాడొద్దు.

రెండోది వానపాములతో. టబ్బు మధ్యలో అట్ట పెట్టి, అటు ఉత్త మట్టి, ఇటు బొగ్గు మట్టి నింపి, అట్ట తీసి ఆ గీత మీద పది వానపాములు వదలండి. 48 గంటలకు అట్ట మళ్లీ దించి లెక్కపెట్టండి. బొగ్గు వైపు రెండుకన్నా తక్కువుంటే ఆ మట్టి వాటికి పనికిరానట్టే. పొడి బొగ్గు మాత్రం కలపకండి, అది తేమ లాగేస్తుంది. నా టబ్బులో పొడి బొగ్గు కలిపినప్పుడు వానపాములన్నీ ఉత్త మట్టి అడుగున ఉండలా చుట్టుకున్నాయి. అదే బొగ్గు రాత్రంతా నానబెట్టి కలిపితే రెండు వైపులా సర్దుకున్నాయి.

అయితే ఈ రెండూ సీసాన్ని పట్టుకోలేవు. తోటకూర ఏపుగానే పెరుగుతుంది, ఆకుకు అంటిన మట్టితో సీసం పిల్లల కడుపులోకి పోతుంది. అందుకే అనుమానం ఉంటే ల్యాబుకు పంపాల్సిందే. భారలోహాలతోపాటు పొగ వల్ల చేరే పీఏహెచ్‌లు అనే హానికర రసాయనాలు కూడా చూడమనండి, అవి బొగ్గును గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి టోలీన్ అనే ద్రావకంతో తీయమని చెప్పండి. యూరోపియన్ బయోచార్ సర్టిఫికెట్ వ్యవసాయ తరగతికి కిలోకు సీసం 120 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 13, అందులో లెక్కించే పదహారు రకాల పీఏహెచ్‌లూ కలిపి 6 హద్దు. శాంపిల్‌ను కుప్ప నలుమూలల నుంచీ తీసి కలిపి పంపండి.

ఇప్పటికే తలుపులు కలిపి కాల్చేసి ఉంటే, రిపోర్టు వచ్చేదాకా ఆ బొగ్గును సంచుల్లో కట్టి, వానకు తడవకుండా, పిల్లలకు అందకుండా ఉంచండి.