చెత్త పడే గంటను పట్టుకో అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మీ మామ ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి ఫోనులో నువ్వు చాలా కోపంగా ఉన్నావు. మీ వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడే చెత్త గురించి అరగంట మాట్లాడావు. మీ అమ్మ పాలకు పోయేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పోతోందని చెప్పినప్పుడు నాకూ కడుపులో కలుక్కుమంది. "రేపటి నుంచి కర్ర పట్టుకుని నిలబడతా మామా, ఎవడు వేస్తాడో చూస్తా" అన్నావు. కోపంలో ఉన్న మనిషికి ఫోనులో ఏం చెప్పినా నిలవదు, అందుకే రాస్తున్నా. ముప్పై ఏళ్లు శానిటరీ మేస్త్రీగా పనిచేసినవాణ్ణి. తెల్లారి ఐదింటికి మస్తరు (హాజరు) వేయించి, అందరికీ పని పంచి, ఇట్లాంటి చెత్త పాయింట్లు ఎన్ని ఎత్తించానో లెక్కలేదు. ఎత్తించిన వాటిలో సగం మళ్లీ పడ్డాయి. ఎందుకు పడ్డాయో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నీకు అన్నేళ్లు పట్టకూడదని నా ఆశ.

ముందు ఆ కర్ర పక్కన పెట్టు. మనిషిని పట్టుకోవాలని చూస్తే చివరికి పోట్లాటే మిగులుతుంది. నువ్వు పట్టుకోవాల్సింది చెత్త పడే గంటను. ఏ మూలలోనూ రోజంతా చెత్త పడదు. తెల్లవారుజామున ఒక గంట, రాత్రి అన్నాలయ్యాక ఒక గంట, అంతే. మిగతా పొద్దంతా కుక్కలు, ఆవులు దాన్ని వీధంతా పరుస్తాయి కాబట్టి ఎప్పుడూ పడుతున్నట్టు మనకు అనిపిస్తుంది. ఒక వారం రోజులు నోటు బుక్కు పెట్టుకుని చూడు. ఎన్నింటికి పడింది, అందులో ఏముంది, ఈ రెండే రాయి. ఎవరు వేశారో రాయకు. ఫోటోలు తీసి వీధి వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టకు. ఒక్కసారి నలుగురిలో పరువు పోయిందంటే ఆ ఇంటివాళ్లు జన్మలో నీ మాట వినరు, పైగా పంతం కొద్దీ వేస్తారు. నా కళ్లతో చూశాను.

కుప్పలో ఏముందో చూడటం చిన్న పని అనుకోకు. ఒక పుల్ల తీసుకుని కదిలిస్తే చాలావరకు అదే చెబుతుంది. ఈకలు, పేగులు ఉంటే చికెన్ కొట్టు. జుట్టు ఉంటే సెలూన్. ఒకే రోజు వందల విస్తర్లు, గ్లాసులు పడితే ఎవరింట్లోనో ఫంక్షన్ అయింది. ఉల్లిపొట్టు, టీపొడి, మిగిలిన అన్నం బస్తాలకొద్దీ ఉంటే మెస్సు. పగిలిన టైల్సు, సిమెంటు పెళ్లలు ఉంటే దగ్గర్లో ఎవరో ఇల్లు రిపేరు చేయిస్తున్నారు. ఇంటి చెత్త అయితే చిన్న కవర్లలో, ముడి వేసి ఉంటుంది. ఒక్కొక్కరితో ఒక్కో రకంగా మాట్లాడాలి కాబట్టి ఇది ముందే తెలియాలి.

మా కర్నూలు పాతబస్తీలో ఒక సందు ఉండేది. అక్కడ గోడ మీద బూతులు రాసినా చెత్త ఆగలేదు. నేను వరుసగా నాలుగు రోజులు చీకట్లోనే పోయి ఎదురు అరుగు మీద కూర్చున్నా. రోజూ ఐదు కావడానికి పది నిమిషాల ముందు ఒకామె వచ్చేది. కవర్ విసిరేది కాదు. గట్టిగా రెండు ముళ్లు వేసి, గోడకు ఆనించి, పడిపోకుండా సర్ది మరీ వెళ్లేది. హాస్టల్లో వంట పని. ఐదింటికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తుంది. చెత్త బండి వచ్చేది ఏడున్నరకు. ఇంట్లో ఉన్నది మెట్లు దిగలేని అత్త ఒక్కతే. మరి ఆమె ఎక్కడ వేయాలి? రెండేళ్లుగా సందు సందంతా తిట్టుకుంటున్నది ఆమెనే. పక్కింటి పెద్దామెతో మాట్లాడితే, తన గేటు లోపల మూత ఉన్న బకెట్టు ఒకటి పెట్టుకోవడానికి ఒప్పుకుంది. వంటామె పోతూ పోతూ అందులో వేస్తే, బండి వచ్చినప్పుడు పెద్దామె ఇస్తుంది. అంతే అల్లుడూ, ఖర్చు ఒక బకెట్టు. తెల్లారి ఆ మొదటి కవర్ కనపడకపోయేసరికి తర్వాత వచ్చేవాళ్లలో కొందరు చేతిలో కవర్‌తోనే వెనక్కి తిరిగారు.

కుప్ప కుప్పను పిలుస్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు ఊళ్లోకి వచ్చిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నీళ్లు తీశాక వీధుల నిండా బురద. పరుపులు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఇళ్ల ముందు గుట్టలుగా పడ్డాయి. పక్క ఊళ్ల నుంచి కార్మికులు వచ్చి మాతో కలిసి ఎత్తారు. ట్రాక్టర్లు చాలక కొన్నిచోట్ల ఖాళీ ప్లాట్లలో పోశాం, తర్వాత తీద్దామని. తీశాం కూడా. అయినా ఆ ప్లాట్లలో కొన్నింట్లో ఏళ్ల తరబడి చెత్త పడుతూనే ఉంది. అక్కడ వేయొచ్చని జనం కంటికి అలవాటైపోయింది. మీ మూల కథ కూడా అదే. కాలువ పూడిక తీసి పక్కన పోశారని, ఆరాక ఎత్తుతామన్నవాళ్లు ఎత్తలేదని నువ్వే చెప్పావు. ఆ మట్టి మీద మొదటి కవర్ పడింది. ఇప్పుడైనా పూడిక తీసినప్పుడు నీళ్లు కారిపోవడానికి రెండు రోజులు ఆగు, మూడో రోజు పొద్దున్నే మీ శానిటరీ మేస్త్రీకి ఫోను చెయ్యి.

నోటు బుక్కు నిండాక ఇళ్లకు పో. పదిమంది మగవాళ్లు గుంపుగా పోతే అది పంచాయితీ అవుతుంది. నువ్వు, మీ అమ్మ, ఆ వరుసలో నలుగురూ గౌరవించే ఒక పెద్దామె, ముగ్గురు చాలు. సాయంత్రం పూట పోండి, చెత్త వేస్తుండగా ఆపి అడగొద్దు. "మీరే వేస్తున్నారు" అన్న మాట నోట్లోంచి రానీయకు. "బండి ఎన్నింటికి వస్తే మీకు అందుతుందమ్మా?" అని అడుగు. సగం ఇళ్ల సమస్య ఆ ఒక్క ప్రశ్నతోనే బయటపడుతుంది. చికెన్ కొట్టు వాళ్లతో మాత్రం గట్టిగానే ఉండు, అది వ్యాపారం, వాళ్ల వ్యర్థాలు వాళ్లే పంపించుకోవాలి. టైల్సు ముక్కల విషయమూ అంతే. నిబంధనల ప్రకారం కూలగొట్టిన మట్టి, పెళ్లల బాధ్యత ఇల్లు కట్టించేవాళ్లదే. ఓనరుకు ఆ మాట మర్యాదగా చెప్పు, ఇల్లు కట్టే మేస్త్రీ మీద తోసేస్తే ఒప్పుకోకు.

బండి టైము మార్చాలంటే మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని కలువు. నోటి మాటగా చెప్పి రాకు. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకో. "మా వీధి శుభ్రం చేయించగలరు" అని రాస్తే అది ఫైల్లో పడుకుంటుంది. ఫలానా మూలలో రెండు ట్రాక్టర్ల చెత్త ఉంది, ఫలానా తేదీన ట్రాక్టరు, జేసీబీ కావాలి, బండి ఆరున్నరకు రావాలి అని రాయి. అడిగింది కొలతతో ఉంటే చేసేవాళ్లకూ తేలిక. ఇంకో సంగతి, 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం పెడుతున్నారు. ఆ రోజు మనుషులు, వాహనాలు అన్నీ బయటే ఉంటాయి, అధికారులూ తిరుగుతుంటారు. మీ మూలను ఆ రోజు జాబితాలో పెట్టమని పది రోజుల ముందే అడుగు. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ముద్ర వేసిన కాపీ పట్టుకుని పో.

ఒకటి మాత్రం అడగొద్దు, అక్కడ పెద్ద చెత్త తొట్టి. చాలామంది అదే అడుగుతారు. తొట్టి పెట్టిన నెలకు లోపల కంటే బయట ఎక్కువ పడి ఉంటుంది. పక్క వీధి వాళ్లకు కూడా అదే దారవుతుంది.

ఎత్తించే రోజు సగం పని చేయొద్దు. పైపైన తీసి వదిలేస్తే వారం కూడా నిలవదు. నేల కనపడేదాకా గీకించు, మట్టిలో ఇరుక్కున్న కవర్ ముక్క కూడా ఏరించు. కరెంటు వాళ్లకు ముందు రోజే చెప్పు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జేసీబీ కొమ్ము తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు లేకుండా మీ కుర్రాళ్లెవరినీ దిగనీయకు, ఇంజెక్షన్ సూదులు ఉంటాయి. సున్నం, బ్లీచింగ్ చల్లి, పైన గరుసు పరిపించు. ఆ సాయంత్రమే, మర్నాటికి వాయిదా వేయకుండా, అక్కడ ఆడవాళ్లతో పెద్ద ముగ్గు వేయించు. స్తంభానికి బల్బు వెలిగేటట్టు చూడు. దేవుడి బొమ్మల టైల్సు అతికించమని ఎవరైనా అంటారు, నాకు ఇష్టం లేదు. రెండు నెలలు భయపడతారు, తర్వాత దేవుడి పక్కనే వేస్తారు, చూడటానికి మనసొప్పదు. ముగ్గు అయితే రోజూ ఎవరో ఒకరు వచ్చి వేయాలి. ఆ చోటికి మనిషి ఉన్నాడని తెలుస్తుంది.

ఆ తర్వాత మూడు వారాలే అసలు కష్టం. మూడో రోజో నాలుగో రోజో కచ్చితంగా ఒక కవర్ పడుతుంది. అది చూసి నీరసపడకు. ఎవరు వేశారని ఆరా తీయకు. గంటలోపు తీసెయ్యి, అంతే. అది సాయంత్రం దాకా ఉంటే రేపటికి ఏడు అవుతాయి. తెల్లారి ఐదు నుంచి ఆరున్నర, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర, వంతులు వేసుకుని అరుగు మీద ఎవరో ఒకరు ఉండండి. ఊరికే కూర్చుని టీ తాగండి, చాలు.

కుప్పను తగలబెడదామని మీ వీధిలో ఎవరైనా అంటే గట్టిగా ఆపు. ప్లాస్టిక్ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిప్పు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. వానలు మొదలవ్వకముందే పని పూర్తి చెయ్యి. కొబ్బరి చిప్పలో, టీ కప్పులో నిలిచిన కాసిన్ని నీళ్లు చాలు డెంగీ దోమకు, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అయి ఎగురుతుంది.

చివరగా బండి వెంట వచ్చే మనుషుల గురించి. నా కింద పనిచేసిన ఒకామె ఒకరోజు సాంబారన్నం కలిసిన కవర్‌ను చేత్తో పట్టి ఎత్తింది. లోపల పగిలిన ట్యూబులైటు ముక్క ఉంది. అరచేయి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా తెగింది. కొంగు చుట్టుకుని, "పర్వాలేదన్నా, ఈ సందు అయిపోయాక పోతా" అంది. ఆరు కుట్లు పడ్డాయి. ఆ రక్తం, ఆ పసుపు రంగు అన్నం మెతుకులు ఇప్పటికీ నా కళ్లముందు ఉన్నాయి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని ఊరికే చెప్పలేదు అల్లుడూ. గాజు, బ్లేడు, సూది ఏదైనా మందపాటి పేపర్లో చుట్టి వేరే ఇవ్వాలి. ప్యాడ్లు, డైపర్లు కూడా పేపర్లో చుట్టి వేరుగానే. మీ వీధిలో ప్రతి ఇంటికీ ఈ మాట మీ అమ్మ చేత చెప్పించు, ఆమె చెబితే వింటారు. బండి ఆమెను పేరు అడిగి తెలుసుకో, అక్కా అని పిలువు, ఎండాకాలం ఒక చెంబు నీళ్లు ఇవ్వు.

వచ్చే మంగళవారం తెల్లారి నాలుగున్నరకల్లా నేనే వస్తా. మొదటి రోజు ఇద్దరం కలిసి కూర్చుందాం. నోటు బుక్కు కొని పెట్టుకో. ఫ్లాస్కులో టీ పోసి ఉంచమని మీ అమ్మకు చెప్పు, చక్కెర తక్కువ.

ఇట్లు,
మీ మామ