డబ్లిన్‌లో పాత డిష్‌తో బీబీసీ వస్తుంది, ఆర్‌టీఈ రాదు. ఎందుకని?

అద్దె ఇంటి గోడకి స్కై అనే చందా టీవీ కంపెనీ పాత డిష్ ఉంది, నెలనెలా చందా కట్టకుండా దాంతో ఏం చూడొచ్చు, ఆర్‌టీఈ (ఐర్లండ్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ) లాంటి ఐర్లండ్ ఛానెళ్లు ఎందుకు దొరకడం లేదు అని అడిగారు కదా. మేం ఉండేది డబ్లిన్ శివారు లూకన్‌లో. మా ఇంట్లో ఇదే ఏర్పాటు చాలా ఏళ్లుగా నడుస్తోంది కాబట్టి తెలిసింది చెప్తాను.

బీబీసీ, ఐటీవీ, ఛానెల్ 4 పైసా కట్టకుండా వస్తాయి. ఇందులో దొంగచాటు ఏమీ లేదు, నిశ్చింతగా చూడండి. 28.2 డిగ్రీల తూర్పున ఉన్న ఆస్ట్రా ఉపగ్రహాల నుంచి అవి తాళం లేకుండానే, అంటే బాక్సులో పెట్టే చందా కార్డు అక్కర్లేకుండానే దిగుతాయి. 2003కి ముందు శాటిలైట్‌లో బీబీసీకి కూడా కార్డు కావాల్సి వచ్చేది. ఆ ఏడాది అది ఆస్ట్రా 2డీకి మారి తాళం తీసేసింది. ఆ ఉపగ్రహం సిగ్నల్ యూరప్ అంతా పరుచుకునేది కాదు, ముఖ్యంగా బ్రిటన్ మీదే పడేది. అందుకని సినిమాల, మ్యాచ్‌ల ప్రసార హక్కులు అమ్మేవాళ్లకీ పెద్ద అభ్యంతరం లేకపోయింది. కానీ బ్రిటన్ మీద పడే సిగ్నల్ పక్కనే ఉన్న ఐర్లండ్‌ని తప్పించి పడదు కదా! మనకి అందేది అదే.

ఇక ఆర్‌టీఈ. టీవీ ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదికి 160 యూరోల లైసెన్సు కట్టాలి, మేం బీబీసీ తప్ప ఇంకేం చూడం అన్నా సరే. ఆ డబ్బు అండతో నడిచే ఆర్‌టీఈ అదే ఆస్ట్రా మీద ఉంది, కానీ స్కై కార్డు లేనిదే తెరుచుకోదు. డబ్బు కట్టే మనకి తాళం వేయడమేమిటని నాకు చాలా కోపంగా ఉండేది. అయితే తప్పు ఆర్‌టీఈది కాదు. ఐర్లండ్ జనాభా యాభై లక్షల పైచిలుకు, బ్రిటన్‌ది ఆరున్నర కోట్ల పైమాట. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అయినా, హాలీవుడ్ సినిమా అయినా ఆర్‌టీఈ కొనేది ఐర్లండ్ వరకే. ఆస్ట్రాలో తాళం తీస్తే బ్రిటన్ మొత్తానికీ ఉచితంగా చూపించినట్టవుతుంది. పెద్ద దేశం సిగ్నల్ చిన్న దేశంలోకి పొర్లితే హక్కుదారులు చూసీచూడనట్టు ఊరుకుంటారు. చిన్న దేశానిది పెద్ద దేశంలోకి పొర్లితే ఊరుకోరు. మన డీడీ ఫ్రీ డిష్ నేపాల్‌లో దొరకడం కూడా ఈ మొదటి రకమే.

దీని దెబ్బ ఎక్కువగా తగిలేది బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్ వాళ్లకి. అక్కడ తమని తాము ఐరిష్ వాళ్లమనుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. 1998 శాంతి ఒప్పందంలోనే ఐరిష్ భాషా ఛానెల్‌ని (ఇప్పటి టీజీ4) అక్కడ ఎక్కువ మందికి అందించే దారి చూడాలని రాసుకున్నారు. 2012 నుంచి ఆర్‌టీఈ వన్, టూ, టీజీ4 అక్కడి యాంటెనాలకీ వస్తున్నాయి. అయినా కొన్ని మ్యాచ్‌లు నెట్‌లో చూసే ఆర్‌టీఈ ప్లేయర్‌లో అక్కడ తెరుచుకోవు. మా ఆఫీసులో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ ఊరి అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ల ఇంటి యాంటెనా సరిహద్దుకి ఇవతల, ఐర్లండ్‌లో ఉన్న డోనెగల్ వైపే తిరిగి ఉంటుందట. కొండకి అవతల ఉన్న ట్రాన్స్‌మిటర్‌కి సరిహద్దు తెలియదు కాబట్టి వాళ్ల నాన్న మ్యాచ్ చూస్తున్నాడు. ప్రజల డబ్బుతో నడిచే ప్రసారం ఆ దీవిలో ఉన్న అందరికీ అందాలని, ఆ హక్కుల ఖర్చు రెండు ప్రభుత్వాలూ పంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మీరు చేయాల్సింది చెప్తాను. ఆర్‌టీఈకీ, ఇక్కడి ప్రైవేటు సంస్థ వర్జిన్ మీడియా ఛానెళ్లకీ డిష్ అక్కర్లేదు, సోర్‌వ్యూ అనే ఉచిత సర్వీసుంది, మామూలు టీవీ యాంటెనా చాలు. మాకు అటక మీద పెట్టిందే సరిపోయింది. డిష్‌నీ యాంటెనానీ రెండింటినీ తీసుకునే కాంబో బాక్స్ ఒకటి కొనుక్కోండి. డిష్ కొనమీద సిగ్నల్ పట్టే ముక్క, ఎల్‌ఎన్‌బీని మాత్రం ముందే చూసుకోండి. పాత అద్దెదారు స్కై వాళ్ల స్కై క్యూ బాక్స్ వాడి ఉంటే దాని ఎల్‌ఎన్‌బీ మామూలు బాక్సులకి పనిచేయదు, మార్చాలి, అది పెద్ద ఖర్చేం కాదు. బీబీసీని నెట్‌లో చూపించే ఐప్లేయర్ మాత్రం ఆశించకండి, నెట్‌లో అయితే మీరు ఐర్లండ్‌లో ఉన్నారని దానికి తెలిసిపోతుంది.

మీ నాన్నగారి కోసం ఈటీవీ వస్తుందా అని కూడా అడిగారు. ఈ డిష్‌లో తెలుగు ఛానెళ్లు రావు, వాటికి నెట్‌లో చందా యాప్‌లే దారి.