ఐసీయూ బయట నువ్వు కొడుకువి నాన్నా

చిన్నా,

రాత్రి ఫోన్‌లో మీ నాన్న ఆక్సిజన్ ఎంత, కిడ్నీ రిపోర్టులో క్రియాటినిన్ ఎంత, ఏ యాంటీబయాటిక్ మారిస్తే బాగుంటుంది అని డాక్టరు గొంతుతో గడగడా చెప్పుకుపోయావు. అన్నం తిన్నావా అంటే మాత్రం జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు నా సంగతి విను. పదకొండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మీ పెదనాన్న ఛాతీలో మంటగా ఉందంటే గ్యాస్ అనుకుని పాంటాప్రజోల్ ఇచ్చాను. చెమటలు పట్టాక మన క్లినిక్‌లోనే ఈసీజీ తీశా, నార్మల్‌గా ఉంది, హమ్మయ్య అనుకున్నా. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు కాదనలేమని, మళ్లీ మళ్లీ తీసి చూడాలని, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్షకి పంపాలని జూనియర్లకి ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్ని నేను. వేరే పేషెంటైతే ఒక్క నిమిషం ఆగేదాన్ని కాదు. ఆయనకి ఏమీ కాకూడదని ఎంత గట్టిగా అనుకున్నానంటే, ఆ కాగితంలో నాకు అదే కనిపించింది. అయిదు గంటలు పోయాయి. ఆయన బతికారు, కానీ గుండె బలహీనపడింది, ఇప్పటికీ మేడ మెట్లు మధ్యలో ఆగి ఆగి ఎక్కుతారు. జబ్బుపడ్డ డాక్టరు తన కేసుని తాను సరిగ్గా అంచనా వేసుకోలేడని అమెరికా వైద్యుల సంఘం 1847లోనే తన నియమావళిలో రాసింది. ఇంట్లోవాళ్ల విషయంలోనూ అంతేనని నాకు ఆ రోజు తెలిసింది.

కాబట్టి మీ నాన్న కేసు ఒక్క డాక్టరు చేతుల్లో పెట్టు. రిపోర్టులు మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకు, పది మంది పది మాటలంటారు, నీకు ఉన్న నిద్ర కూడా పోతుంది. అడగాల్సినవి చీటీ మీద రాసుకుని పొద్దున రౌండ్స్ అయ్యాక ఒక్కసారే అడుగు. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుని పిలిచి మానిటర్ చూపించడం మానెయ్, ఆ పిల్లాడు నీ మాటకి భయపడి తన ఆలోచన వదిలేస్తాడు. డాక్టర్ల ఇంట్లోవాళ్లని మొహమాటంతో వేరుగా చూసి, చెయ్యాల్సిన పరీక్ష వదిలెయ్యడం, అక్కర్లేనివి చెయ్యడం మన వృత్తిలో పాత జబ్బే. 1964 నుంచే దానికి వీఐపీ సిండ్రోమ్ అని పేరుంది. అందరికీ చేసినట్టే మా నాన్నకీ చెయ్యండి అని నీ నోటితో చెప్పు.

ఇంకోటి, మోకాళ్ల నొప్పులకని నువ్వు ఇంటికి తెచ్చిచ్చిన డైక్లోఫినాక్ సంగతి వాళ్లకి చెప్పావా? సిగ్గుపడకు, కిడ్నీలకి పడని మాత్ర కదా అది. కిడ్నీ రిపోర్టు అలా వచ్చినప్పుడు వాళ్లకి ముందు తెలియాల్సింది అదే.

నా గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అప్పుడు "మీకు తెలియనిదేముంది మేడమ్" అని ఎవరూ ఏమీ చెప్పలేదు. స్ట్రెచర్ మీద పడుకుని పైన ట్యూబ్‌లైట్లు ఒక్కొక్కటీ వెనక్కి పోతుంటే, నాకేమీ తెలియదు, ఎవరైనా చెప్పండి అని అరవాలనిపించింది. నువ్వూ అడుగు. తెలియనట్టే, మామూలు మనిషికి చెప్పినట్టు చెప్పమను. అలా విన్నది అమ్మకి తెలుగులో చెప్పు, అంకెలు వద్దు. నిన్నటికంటే నయమా కాదా, ఆవిడకి కావాల్సింది అంతే.

వారం సెలవు పెట్టు. నేను రేపు పొద్దున బస్సుకి వస్తున్నా, ఇడ్లీలు తెస్తా. ఈలోగా విజిటింగ్ టైమ్‌లో లోపలికి వెళ్లేముందు మెడలో ఆ స్టెత్ తీసి అమ్మ సంచిలో పెట్టి, మీ నాన్న పాదాలు కాసేపు పట్టు, ఏసీకి చల్లబడిపోయి ఉంటాయి.

మీ పెద్దమ్మ