అక్రా వెళ్తున్న సుధకు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఘనా రాజధాని అక్రాకు వెళ్తున్నావనీ, దేశాలన్నీ టీకాలను న్యాయంగా పంచుకుంటే ఎవరికెంత లాభమో లెక్కగట్టే ఉద్యోగమనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. గర్వంతో నిద్ర పట్టలేదు. భయంతో కూడా.

ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం అనే సర్కారు సంస్థలో వేస్తారు, ప్రయాణానికి పది రోజుల ముందే పడాలి. దోమతెర పెట్టుకో. వేళకి తిను.

నీ రిపోర్టులో పెద్ద అంకెలుంటాయి, ఉండాలి కూడా. 2021 మేలో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐఎంఎఫ్‌లో ఆర్థికవేత్తలు గీతా గోపీనాథ్, రుచిర్ అగర్వాల్ ఒక లెక్క వేశారు. 5,000 కోట్ల డాలర్లు పెట్టి అన్ని దేశాలకూ కోవిడ్ టీకాలు, పరీక్షలు, మందులు త్వరగా అందిస్తే 2025 నాటికి 9 లక్షల కోట్ల డాలర్ల ఫలం వస్తుందని, అందులో దాదాపు 40 శాతం ధనిక దేశాలకే చేరుతుందని. నిజమే మరి. వాళ్ల ఫ్యాక్టరీలకు విడిభాగాలు పంపేవాళ్లూ, వాళ్ల సరుకు కొనేవాళ్లూ మంచం పడితే అక్కడా పని ఆగిపోతుంది.

కానీ ‘త్వరగా’ అన్న ఆ ఒక్క మాటనే అందరూ దాటేస్తారు. నా టెన్షన్ అంతా దాని గురించే.

నేను వ్యాక్సిన్ స్టోర్ చూస్తున్న రోజుల్లో తట్టు టీకా రెండు పెట్టెలు మిగిలాయి. గడువు మూడు వారాలే ఉంది. టౌన్‌కి పంపితే గొడవవుతుందని కొండమీది పీహెచ్‌సీకి పంపాను. వాళ్లు అడిగి అప్పటికే రెండు నెలలు. అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చానని తృప్తిపడి, రిజిస్టర్‌లో ‘సప్లై పూర్తి’ అని రాసుకున్నాను.

అక్కడ ఏఎన్ఎమ్ ఒక్కతే. ఊరూరా కబురు చేయాలి, సంత లేని రోజు చూసుకోవాలి, ఐస్ ప్యాకులు గడ్డకట్టడానికి కరెంటుండాలి. గడువు దాటాక సగానికి పైగా సీసాలు చేతిసంచిలో తెచ్చి నా టేబుల్ మీద వరసగా పెట్టింది. ఒక్కదాని మూత రేకు కూడా ఊడలేదు. ఆమె ఒక్క మాట అనలేదు.

తర్వాత రెండు నెలలకు కొండల్లో తట్టు మొదలైంది. సంత దారిన టౌన్‌కి దిగింది. అక్కడి ఆస్పత్రి వార్డులో ఒక కూలి తల్లి ఆరు నెలల పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని తొమ్మిది రోజులు కూర్చుంది. తొమ్మిది రోజుల కూలి పోయింది. ఆమెది టౌనే తల్లీ. టౌన్ కోసమని నేను దాచిన, ఎక్కువ గడువున్న మంచి సీసాలు టీకా వయసు రాని ఆ పసివాణ్ణి కాపాడలేకపోయాయి. పిల్లాడు బతికాడు. నేను మాత్రం ఆ మంచం పక్కగా వెళ్లాల్సొస్తే చుట్టు తిరిగి పోయేదాన్ని.

కోవిడ్‌లో లోకమంతా నా తప్పే చేసింది. పేద దేశాలకూ టీకాలు అందాలని పెట్టిన ప్రపంచ పథకం కోవాక్స్ కింద దేశాలకు పంచిన టీకాల్లో మొదటి 6 లక్షల డోసులు 2021 ఫిబ్రవరి 24న దిగింది నువ్వెళ్లే అక్రాలోనే. మన పుణెలో తయారైనవి. నెల తర్వాత ఇక్కడ సెకండ్ వేవ్ పెరగడంతో మన ఎగుమతులు ఆగాయి. ఏడాది చివరికి ధనిక దేశాల నుంచి గడువు దగ్గరపడ్డవి వచ్చాయి. డిసెంబర్ ఒక్క నెలలోనే పేద దేశాలు 10 కోట్లకు పైగా డోసులు వద్దన్నాయి, ముఖ్యంగా గడువు ఎక్కువ మిగల్లేదనే. నైజీరియా 10 లక్షలకు పైగా డోసులు ధ్వంసం చేసింది. ‘ఇచ్చినా వాడుకోలేరు’ అనేవాళ్లు నీకు తగుల్తారు. ఆ మాట నీ నోట వచ్చిందో, నేనూరుకోను.

నీ పట్టికలో డోసుల సంఖ్య పక్కన ఇంకో గడి గీయి: చేరిన రోజుకు ఎన్ని వారాల గడువు మిగిలింది? దాని పక్కన మరోటి: వస్తున్నాయని ఎన్నాళ్ల ముందు చెప్పారు? పైఆఫీసర్లు చెప్పినదానితో సరిపెట్టకు, స్టోర్‌లో సీసాలు లెక్కపెట్టే మనిషి దగ్గర కూర్చుని అడుగు.

ఆవకాయ డబ్బా మీ అమ్మకి పంపిస్తున్నాను. బరువని తీసి పక్కన పెట్టకు. దిగగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ