37 ఏళ్ళకి టీచర్ చదువు: పొదుపు డబ్బు ఎప్పుడు తియ్యాలి?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాకు 37 ఏళ్ళు, బడికెళ్ళే పిల్లలున్నారు. విజయవాడలో బీకాం రెండో ఏడాదిలో పెళ్ళయి చదువు ఆగిపోయింది. రెండేళ్ళ కిందట గ్రీన్‌కార్డు వచ్చింది. ఎలిమెంటరీ టీచర్ అవ్వాలని ఉంది. మావారి జీతం ఏడాదికి 1,70,000 డాలర్లు, నా దగ్గర 22 వేలు పొదుపు ఉంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు లోన్ తీసుకుని చేరిపొమ్మంటున్నారు, తెలిసినవాళ్ళు మావారి 401కె (ఉద్యోగంలో రిటైర్మెంట్ కోసం దాచే ఖాతా) లోంచి తియ్యమంటున్నారు. ఈ వయసులో మొదలుపెట్టడం దండగ అనేవాళ్ళూ ఉన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: లోన్ వద్దు. 401కె జోలికి అసలు వెళ్ళొద్దు, ఎందుకంటే ఈ వయసులో దాంట్లోంచి డబ్బు తీస్తే మామూలుగా పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ పడుతుంది, దాని మీద అప్పు తీసుకున్నా రేపు మీవారి ఉద్యోగానికి ఏమైనా అయితే ఆ బాకీ తొందరగా కట్టాల్సివస్తుంది. మీ ఊళ్ళోనే ఓలోనీ కాలేజీ ఉంది కదా, అక్కడ మొదలుపెట్టండి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీలు) ఇక్కడివాళ్ళకి యూనిట్‌కి, అంటే కోర్సుల బరువు లెక్కకట్టే కొలతకి, 46 డాలర్లే. తర్వాత యూనివర్సిటీకి మారడానికి పనికొచ్చే ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి కావలసిన 60 యూనిట్లకీ కలిపి 2,760. పుస్తకాలూ చిన్నాచితకా ఫీజులూ వేరే, అయినా మొదటి రెండేళ్ళకి మీ పొదుపు పెద్దగా కదిలించక్కర్లేదు.

2010లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ‘అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్’ పూర్తిచేసినవాళ్ళకి కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్) యూనివర్సిటీల్లో సీటు గ్యారంటీ, దగ్గర సంబంధం ఉన్న కోర్సులో చేరితే ఇంకో 60 యూనిట్లతో బ్యాచిలర్స్ అయిపోతుంది. ఎలిమెంటరీ టీచర్లకి ప్రత్యేకంగా ఇలాంటి డిగ్రీ ఉంది. కాకపోతే ఆ గ్యారంటీ ఏదో ఒక క్యాంపస్‌లో సీటుకే. పిల్లల్ని బడి దగ్గర దింపి వెళ్ళాల్సిన మీకు హేవర్డ్‌లోదో శాన్ హోసేలోదో అయితేనే కుదురుతుంది, ఎక్కడో రెండొందల మైళ్ళ దూరంలో సీటు ఇస్తే ఏం చేసుకుంటారు?

అందుకే ముందు యూనివర్సిటీని ఎంచుకుని, ఆ తర్వాతే ఓలోనీలో మొదటి క్లాసుకి పేరు ఇవ్వండి. అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ కాలేజీనీ ఆ యూనివర్సిటీనీ ఎంచుకుంటే ఒక పక్క అక్కడి కోర్సు, దాని ఎదురుగా ఇక్కడ చదవాల్సిన కోర్సు కనిపిస్తాయి. ఎదురుగా ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటే అది ఇక్కడ చదివితే తీరదన్నమాట. ఇది చూసుకోకుండా ఖాళీ ఉన్న క్లాసుల్లో చేరిపోతేనే డబ్బు పోయేది. 2017లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఇచ్చిన నివేదిక ప్రకారం, కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు (చదివిన యూనిట్లు) పోగొట్టుకున్నారు.

ఇక్కడే ఒక మాట, డిగ్రీ పూర్తిచేసి వచ్చిన మనవాళ్ళు ఇది చదివి కమ్యూనిటీ కాలేజీకి పరిగెత్తకండి. ముందు సర్టిఫికెట్లు ఎవాల్యుయేషన్ చేయించుకోండి, అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని వస్తే నేరుగా టీచర్ క్రెడెన్షియల్ (బడిలో పాఠం చెప్పడానికి కావలసిన లైసెన్స్) ప్రోగ్రామ్‌కే వెళ్ళొచ్చు.

పన్ను సంగతికి వద్దాం. అమెరికన్ ఆపర్చ్యునిటీ క్రెడిట్ అనే పన్ను రాయితీ కింద ఫీజులకీ పుస్తకాలకీ పెట్టిన మొదటి 2,000 డాలర్లు పూర్తిగా, తర్వాతి 2,000లో పావు వంతు, అంటే ఏడాదికి గరిష్ఠంగా 2,500 పన్నులో తగ్గుతుంది. భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే ఆదాయం 1,60,000 దాటినప్పటి నుంచి ఇది తగ్గుతూ 1,80,000కి సున్నా అవుతుంది. మీవారు 401కె లో ట్రెడిషనల్ పద్ధతిలో (పన్ను వెయ్యకముందే) కనీసం 12 వేలు వేస్తే, వేరే ఆదాయం లేనప్పుడు, లెక్కలోకి వచ్చేది 1,58,000 అవుతుంది. తియ్యమంటున్న 401కె లోనే ఇంకాస్త వేస్తే మీ ఫీజు వెనక్కి వస్తుంది! కనీసం హాఫ్‌టైమ్ చదవాలి, మొత్తం మీద నాలుగు పన్ను సంవత్సరాలకే వస్తుంది. మెల్లగా ఆరేళ్ళు చదివేటట్టయితే ఆ నాలుగూ ఖర్చు ఎక్కువుండే ఏళ్ళకి దాచుకోండి.

కాల్ స్టేట్ ట్యూషన్ 2025-26లో 6,450, 2026-27కి 6,838 డాలర్లు, క్యాంపస్ ఫీజులు అదనం. బ్యాచిలర్స్ అయ్యాక సాధారణంగా ఇంకో ఏడాది క్రెడెన్షియల్ ఉంటుంది. మొత్తం చదువు నా అంచనాలో 30 వేల చుట్టుపక్కల అవుతుంది, అది కూడా అయిదేళ్ళ మీద. అందులో అసలు కష్టం చివరి ఏడాదే. 600 గంటలు క్లాసురూముల్లో శిక్షణ పొందాలి, చాలామందికి దానికి జీతం ఉండదు, పొద్దున్నే బడిలో ఉండాలి, సాయంత్రం మీకు క్లాసులు, మీ పిల్లల్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. దగ్గరికొచ్చి అక్కడ ఆగిపోవడం కంటే బాధ ఇంకోటి లేదు. మీ 22 వేలు ఆ ఏడాది కోసం హైయీల్డ్ సేవింగ్స్‌లో పెట్టి మర్చిపోండి, అప్పటిదాకా ఫీజులు మీవారి జీతంలోంచే కట్టుకోండి.

టీచ్ గ్రాంట్ (టీచర్లు కాబోయేవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) గురించి ఎవరైనా చెబితే ఊరికే వచ్చే డబ్బనుకోకండి. కొరత ఉన్న సబ్జెక్టులో, తక్కువ ఆదాయం వాళ్ళ పిల్లలు ఎక్కువగా చదివే బడిలో నాలుగేళ్ళు పనిచెయ్యాలి, లేకపోతే అది మొదటి రోజు నుంచి వడ్డీతో లోన్ అయిపోతుంది. అలాంటి కొరత ఉన్న స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు మనసుంటే ఆలోచించండి, లేదంటే వదిలెయ్యండి.

వయసు గురించి అంటున్నవాళ్ళకి ఈ లెక్క చూపించండి. 42కి ఉద్యోగంలో చేరి 62 వరకు చేస్తే 20 ఏళ్ళ సర్వీసు. కాల్‌స్టర్స్ (కాలిఫోర్నియా టీచర్ల పెన్షన్ సంస్థ) పెన్షన్ ఏడాదికి 2 శాతం చొప్పున, చివరి జీతం సగటులో 40 శాతం, బతికున్నంత కాలం నెలనెలా వస్తుంది. ఈ ఉద్యోగంలో సోషల్ సెక్యూరిటీ (మిగతా ఉద్యోగాల్లో ఉండే ఫెడరల్ ప్రభుత్వ పెన్షన్) కట్టరు. ఇలాంటి పెన్షన్ వస్తే భర్త తరఫున వచ్చే సోషల్ సెక్యూరిటీ కోసేసే నిబంధన ఒకటి ఉండేది, 2025 జనవరిలో సంతకమైన చట్టంతో అది పోయింది, కాబట్టి మీకు ఆ టెన్షన్ కూడా అక్కర్లేదు.

ఈ వారం విజయవాడలో ఎవరికైనా చెప్పి మీ బీకాం మార్కుల మెమోలూ, యూనివర్సిటీ నుంచి సీల్డ్ ట్రాన్స్‌క్రిప్టూ తెప్పించే పని మొదలుపెట్టించండి. అవి తీసుకుని ఓలోనీ కౌన్సెలర్‌ని కలిస్తే పాత చదువులోంచి ఎన్ని యూనిట్లు తీసుకుంటారో తేలుతుంది, ఒక సెమిస్టర్ తగ్గినా తగ్గినట్టే.